గుంటల లెక్క ఎక్సెల్‌కు ఎవరు నేర్పాలి?

కంప్యూటర్ ల్యాబ్ నుంచి



ఈ నెల ఒక చిన్న కూడికతో మొదలుపెడదాం. ఒక కుటుంబానికి తెలంగాణలోని ఒకే ఊళ్లో మూడు చోట్ల భూమి ఉందనుకోండి. కాగితాల్లో విస్తీర్ణాలు 1.30, 2.35, 0.38 అని ఉన్నాయి. అన్నదమ్ములు పంచుకోవాలి. మొత్తం ఎంతో తెలుసుకోవడానికి ఇంట్లో పిల్లవాడు ల్యాప్‌టాప్ తెరిచి, మూడు అంకెలూ మూడు సెల్స్‌లో వేసి, కింద 'సమ్' కొట్టాడు. జవాబు 4.03 వచ్చింది. నాలుగు ఎకరాల మూడు గుంటలు. చూడటానికి ఎక్కడా తేడా కనిపించదు.

ఇప్పుడు అదే కూడిక చేత్తో చేద్దాం. ఎకరానికి 40 గుంటలు. 1.30 అంటే ఎకరం 30 గుంటలు, అంటే 70 గుంటలు. 2.35 అంటే 115 గుంటలు. 0.38 అంటే 38. మొత్తం 223 గుంటలు. మళ్లీ ఎకరాల్లోకి మారిస్తే 5 ఎకరాల 23 గుంటలు.

షీట్ చెప్పినదానికీ అసలు లెక్కకూ మధ్య తేడా 60 గుంటలు, అంటే ఎకరంన్నర. గజాల్లో చెప్పాలంటే, గుంటకు 121 గజాల చొప్పున 7,260 గజాలు.

ఆ ఎకరంన్నర ఎక్కడికి పోయింది? చుక్క తర్వాతి భాగాలు 30, 35, 38 కలిసి 103 అయ్యాయి. కంప్యూటర్ అందులోంచి వందను ఒకటిగా మార్చి ఎకరాల వైపు వేసింది. దానికి తెలిసిన దశాంశ పద్ధతి అదే. కానీ మన లెక్కలో ఎకరం కావడానికి నలభై గుంటలు చాలు. వంద గుంటలు తీసుకుని ఒక్క ఎకరమే ఇచ్చింది కాబట్టి 60 గుంటలు గల్లంతయ్యాయి. ఇలాంటి తప్పుకు ఎర్ర గుర్తు రాదు, హెచ్చరిక రాదు. కంప్యూటర్ పొరపాటు చేయలేదు. మన లెక్క వేరని దానికి ఎవరూ చెప్పలేదు, అంతే.

చెప్పే దారి ఉంది. మన లెక్కను మనమే ఒక ఫంక్షన్‌గా రాసి, దానికి ఒక పేరు పెట్టి, 'సమ్' లాగే ఏ సెల్‌లో కావాలంటే ఆ సెల్‌లో వాడుకోవచ్చు. వీటిని కస్టమ్ ఫంక్షన్లు అంటారు. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలు ఒక గంట కూర్చుంటే చేయగల పని ఇది. ఎలా చేయాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఈ వ్యాసంలో చెబుతాం.

మోర్గెన్ తెలుసు, గుంట తెలియదు

ఎక్సెల్‌లో ఇప్పటికే వందల ఫంక్షన్లు ఉన్నాయి కదా, మళ్లీ మనం రాయడం ఎందుకని మీరు అడగవచ్చు. నిజమే, ఉన్నాయి. కొలతలు మార్చడానికి 'కన్వర్ట్' అనే ఫంక్షన్ కూడా ఉంది. అందులో ఎకరం ఉంది, హెక్టారు ఉంది, చదరపు గజం ఉంది. ఒకప్పుడు జర్మనీ ప్రాంతాల్లో పొలాలు కొలిచిన 'మోర్గెన్' కూడా ఉంది. గుంట లేదు, సెంటు లేదు.

ఇంకొకటి చూడండి. రసీదు మీదా చెక్కు మీదా అంకెను అక్షరాల్లో రాయాలి. ఎక్సెల్‌లో 'బాత్‌టెక్స్ట్' అనే ఫంక్షన్ ఉంది. అంకె ఇస్తే థాయ్ భాషలో, థాయిలాండ్ కరెన్సీ 'బాత్' పేరుతో సహా అక్షరాల్లో రాసి పెడుతుంది. రూపాయికి అలాంటి ఫంక్షన్ లేదు. మైక్రోసాఫ్ట్ తన సహాయ పేజీల్లో 'స్పెల్‌నంబర్' అనే నమూనా కోడ్ ఇచ్చింది కానీ అది డాలర్లు, సెంట్లలో చెబుతుంది. 1,25,000 అని ఇస్తే మనకు కావలసిన 'లక్షా ఇరవై ఐదు వేలు' బదులు 'నూట ఇరవై ఐదు వేల డాలర్లు' అనే అర్థం వచ్చేలా ఇంగ్లిష్‌లో రాస్తుంది. మన దేశంలో చాలా ఆఫీసుల్లో ఆ కోడ్‌ను తీసుకుని లక్షలు, కోట్లకు దిద్దుకుని వాడతారు. మీలో అకౌంట్స్ చూసేవారికి ఇది తెలిసే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారు ప్రపంచంలో అందరి లెక్కలూ అందులో పెట్టలేరు. అందుకే ఫంక్షన్ తయారుచేసే వీలును మనకే వదిలారు.

ప్రమేయం అంటే ఇదే

ఇంటర్ గణితంలో 'ప్రమేయాలు' చదివినవారికి గుర్తుండే ఉంటుంది. ఒక విలువ ఇస్తే, ఒక నియమం ప్రకారం ఒకే ఒక విలువ తిరిగి ఇచ్చేది ప్రమేయం. స్ప్రెడ్‌షీట్ ఫంక్షన్ కూడా అంతే. బ్రాకెట్‌లో మనం ఏదో ఇస్తాం, సెల్‌లోకి ఏదో వస్తుంది. పిల్లలకు ఈ భావన పుస్తకంలో వచ్చేలోగా చేతికి అలవాటైతే మంచిదని మా అభిప్రాయం. తన సొంత ఊరి గుంటల లెక్కకు తానే ఒక ప్రమేయం రాసిన పిల్లకు, తర్వాత క్లాసులో దాని నిర్వచనం చెప్పేటప్పుడు అది కొత్తగా అనిపించదు.

నియమానికి పేరు పెట్టడం వల్ల ఇంకో లాభం ఉంది. మామూలుగా షీట్లలో ఏం జరుగుతుందంటే, పొడవైన ఫార్ములా ఒకటి రాసి కిందికి నలభై వరసల దాకా లాగుతాం. రేపు నియమం మారితే నలభై చోట్లా మార్చాలి. ముప్ఫై తొమ్మిది మార్చి ఒకటి మర్చిపోతే, ఆ ఒక్కటీ ఎప్పుడు బయటపడుతుందో చెప్పలేం. ఫంక్షన్ అయితే నియమం ఒకే చోట ఉంటుంది. అక్కడ సరిచేస్తే అన్ని సెల్స్‌లోనూ సరవుతుంది. అక్కడ తప్పు రాస్తే అన్ని సెల్స్‌లోనూ తప్పే వస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. దాని గురించి కాసేపట్లో మాట్లాడదాం.

గూగుల్ షీట్స్‌లో మొదలుపెట్టండి

ఖర్చు లేకుండా, కోడ్ రాయకుండా మొదలుపెట్టాలంటే గూగుల్ షీట్స్ నయం. 2022 ఆగస్టు నుంచి అందులో 'నేమ్డ్ ఫంక్షన్స్' అనే సౌకర్యం ఉంది. ఫోన్‌లో కాకుండా కంప్యూటర్ మీద చేయండి.

ఒక మాట. కింద ఫార్ములాలను చదవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లో రాస్తున్నాం. టైప్ చేసేటప్పుడు ఫంక్షన్ పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. పిల్లలకు ఆ స్పెల్లింగులు తెలుసు, పక్కన కూర్చోబెట్టుకోండి.

పైన 'డేటా' మెనూలో 'నేమ్డ్ ఫంక్షన్స్' నొక్కితే కుడి పక్కన ఒక పట్టీ తెరుచుకుంటుంది. అందులో 'యాడ్ న్యూ ఫంక్షన్' నొక్కండి. పేరు అడుగుతుంది: గుంటలు అని పెట్టండి. వివరణ అడుగుతుంది: 'ఎకరం.గుంట రూపంలో ఉన్న విస్తీర్ణాన్ని మొత్తం గుంటల్లోకి మారుస్తుంది' అని రాయండి. ఈ వివరణ గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు, వదలకండి. ఆరు నెలల తర్వాత మీకు అక్కరకొచ్చేది అదే. తర్వాత 'ఆర్గ్యుమెంట్ ప్లేస్‌హోల్డర్' అంటే బ్రాకెట్‌లో ఇవ్వబోయే విలువకు ఒక పేరు. దానికి విస్తీర్ణం అని పెడదాం. చివరగా ఫార్ములా:

=ఇంట్(విస్తీర్ణం)*40 + రౌండ్((విస్తీర్ణం-ఇంట్(విస్తీర్ణం))*100, 0)

'ఇంట్' చుక్కకు ముందున్న పూర్ణాంకాన్ని తీసుకుంటుంది. 2.35 ఇస్తే 2. దాన్ని నలభైతో గుణిస్తే 80 గుంటలు. మిగిలిన 0.35ను వందతో గుణిస్తే 35 గుంటలు. రెండూ కలిపితే 115. మధ్యలో 'రౌండ్' ఎందుకు? కంప్యూటర్ అంకెలను రెండంకెల పద్ధతిలో, అంటే సున్నాలు, ఒకట్లుగా దాచుకుంటుంది. ఆ పద్ధతిలో 0.35 లాంటివి కచ్చితంగా ఇమడవు. 2.35లోంచి 2 తీసేస్తే వచ్చేది 0.35కు వెంట్రుకవాసి అటో ఇటో ఉంటుంది. కళ్లకు కనిపించని ఆ తేడా తర్వాతి మెట్టులో ఒక గుంటను ఎగరగొట్టగలదు. 'రౌండ్' ఆ ముప్పును తప్పిస్తుంది.

సేవ్ చేశాక, విస్తీర్ణాలు 'బి' వరసలో ఉన్నాయనుకుంటే, 'సి' వరసలో =గుంటలు(బి2) అని కొట్టి కిందికి లాగండి. 70, 115, 38 వస్తాయి. వాటిని 'సమ్'తో కూడితే 223. దాన్ని మళ్లీ ఎకరాల్లోకి మార్చడానికి ఇంకో చిన్న ఫంక్షన్ కావాలి. పేరు ఎకరం_గుంట, విలువ పేరు మొత్తం:

=ఇంట్(మొత్తం/40) + మాడ్(మొత్తం, 40)/100

'మాడ్' అంటే భాగహారంలో మిగిలే శేషం. 223ను 40తో భాగిస్తే భాగఫలం 5, శేషం 23. సెల్‌లో 5.23 కనిపిస్తుంది. కాగితం మీద రాసే పద్ధతీ అదే.

ఈ ఫంక్షన్ ఆ ఒక్క ఫైల్‌కే పరిమితం. వేరే ఫైల్‌లో కావాలంటే అదే పట్టీలో 'ఇంపోర్ట్ ఫంక్షన్' ఉంది, అక్కడినుంచి తెచ్చుకోవచ్చు.

ఎక్సెల్‌లో అయితే

మైక్రోసాఫ్ట్ 365, ఎక్సెల్ 2024, బ్రౌజర్‌లో తెరిచే ఎక్సెల్ వాడేవారికి 'ల్యాంబ్డా' అనే ఫంక్షన్ ఉంటుంది. 'ఫార్ములాస్' ట్యాబ్‌లో 'నేమ్ మేనేజర్' తెరిచి, 'న్యూ' నొక్కి, పేరు దగ్గర గుంటలు అని, 'రిఫర్స్ టు' దగ్గర =ల్యాంబ్డా(విస్తీర్ణం, ...) అని పెట్టాలి. చుక్కల స్థానంలో పైన ఇచ్చిన ఫార్ములానే, ముందున్న '=' గుర్తు లేకుండా. పేరు పెట్టే ముందు పరీక్షించుకోవాలంటే ఏదైనా ఖాళీ సెల్‌లో ల్యాంబ్డా మొత్తం రాసి, చివర ఇంకో బ్రాకెట్‌లో (2.35) అని ఇవ్వండి. 115 వస్తే సరే. ఆ చివరి బ్రాకెట్ మర్చిపోతే '#క్యాల్క్!' అనే లోపం వస్తుంది. కంగారుపడకండి, విలువ ఇవ్వలేదని చెప్పడమే అది.

ఎక్సెల్ 2016, 2019, 2021లలో ల్యాంబ్డా లేదు. మీరు కొత్త ఎక్సెల్‌లో చేసిన ఫైల్‌ను పాత ఎక్సెల్ ఉన్న బంధువులకు పంపితే, అక్కడ ఆ లెక్క మళ్లీ జరిగినప్పుడు '#నేమ్?' అని తేలుతుంది. పంపే ముందు అడిగి తెలుసుకోండి.

పేర్ల విషయంలో ఒక తమాషా కూడా ఉంది. ఎక్సెల్ నిలువు వరసలు ఏ దగ్గర మొదలై ఎక్స్-ఎఫ్-డి దాకా వెళ్తాయి. అందుకే టీ-ఏ-ఎక్స్ అనే మూడక్షరాల పక్కన 2024 చేర్చి పేరు పెట్టబోతే ఎక్సెల్ ఒప్పుకోదు. ఎందుకంటే ఆ పేరుతో నిజంగానే ఒక సెల్ ఉంది! నాలుగో అక్షరమో, మధ్యలో ఒక అడ్డగీతో చేరిస్తే సరిపోతుంది.

ల్యాంబ్డా అన్న పేరు 1930లలో అమెరికా గణితజ్ఞుడు అలోంజో చర్చ్ రూపొందించిన 'ల్యాంబ్డా కాలిక్యులస్' నుంచి వచ్చింది. ప్రోగ్రామింగ్ రాని మామూలు మనుషులు తమ ఫంక్షన్లను తామే తయారుచేసుకునేలా ఎక్సెల్ ఉండాలని సైమన్ పేటన్ జోన్స్, అలన్ బ్లాక్‌వెల్, మార్గరెట్ బర్నెట్ 2003లోనే ఒక పరిశోధన పత్రం రాశారు. ల్యాంబ్డాను మైక్రోసాఫ్ట్ ప్రకటించింది 2020 డిసెంబరులో. అంటే పదిహేడేళ్లు పట్టింది.

అంతకు ముందు దారి లేకపోలేదు. 1993 నుంచి ఎక్సెల్‌లో 'వీబీఏ' అనే ప్రోగ్రామింగ్ భాష ఉంది. ఆల్ట్, ఎఫ్11 మీటలు కలిపి నొక్కి, 'ఇన్సర్ట్'లో 'మాడ్యూల్' తెరిచి, 'ఫంక్షన్', 'ఎండ్ ఫంక్షన్' అనే రెండు మాటల మధ్య మన నియమం రాస్తే, అది కూడా సెల్‌లో వాడుకునే ఫంక్షనే అవుతుంది. ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ కాల్క్‌లోనూ ఇలాంటి వసతి ఉంది. సీబీఎస్ఈ పదో తరగతిలో ఐటీ (కోడ్ 402) సబ్జెక్టు తీసుకున్న పిల్లల పుస్తకంలో మాక్రోను ఫంక్షన్‌గా వాడటం గురించి పాఠమే ఉంది. మీ పిల్లలు ఆ సబ్జెక్టులో ఉంటే పై గుంటల లెక్కను ప్రాక్టికల్‌కు ఉదాహరణగా తీసుకోమని చెప్పండి. గూగుల్ షీట్స్‌లో జావాస్క్రిప్ట్ వచ్చిన పిల్లలకు 'యాప్స్ స్క్రిప్ట్' ఉంది. దానితో చాలా చేయవచ్చు కానీ అలా రాసిన ఫంక్షన్ 30 సెకన్లలోపు జవాబు ఇవ్వాలి, లేకపోతే లోపం చూపిస్తుంది.

ఏ పద్ధతిలో రాసినా ఒక హద్దు ఉంది. సెల్‌లో వాడే ఫంక్షన్ జవాబు ఇవ్వగలదే గానీ, పక్కన ఎక్కడో ఉన్న సెల్‌లోకి వెళ్లి అక్కడి అంకెను మార్చలేదు. పిల్లలు మొదట్లో దీన్ని లోపం అనుకుంటారు. నిజానికి అది రక్షణ.

2.3 అని కొడితే?

ఫంక్షన్ పనిచేసిందని సంతోషపడే ముందు దాన్ని ఇబ్బంది పెట్టి చూడాలి. పరీక్షకు కూర్చునేది ఇప్పుడు ఫంక్షన్, ప్రశ్నలు అడిగేది మీరు.

0 ఇవ్వండి, 0 రావాలి. 1 ఇవ్వండి, 40 రావాలి. 0.39 ఇవ్వండి, 39 రావాలి. మరి 2.45 ఇస్తే? 125 అని జవాబిస్తుంది. కానీ కాగితంలో 45 గుంటలు ఉండకూడదు, నలభై దాటితే ఎకరం కావాలి. అంటే టైపింగ్‌లో ఏదో తప్పు జరిగింది. అలాంటప్పుడు ఫంక్షన్ నోరు మూసుకుని లెక్క చెప్పేయకూడదు, అడగాలి. 'ఇఫ్' చేర్చి, గుంటల భాగం 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే 'సరిచూడండి' అనే మాట వచ్చేలా చేయమనండి. పిల్లలు ఇష్టంగా చేసే పని ఇది.

ఇక అసలు చిక్కు. రెండు ఎకరాల మూడు గుంటలను ఎవరైనా 2.3 అని కొడితే ఏమవుతుంది? కంప్యూటర్ దృష్టిలో 2.3, 2.30 ఒకటే. అది 30 గుంటలుగా తీసుకుంటుంది. ముప్ఫై నలభై కంటే తక్కువే కాబట్టి మన 'సరిచూడండి' కూడా పలకదు. 2.03 అని కొట్టాల్సిందని దానికి తెలిసే అవకాశమే లేదు. ఈ లోపాన్ని ఎంత తెలివైన ఫార్ములా అయినా సరిచేయలేదు. మా సలహా ఏమిటంటే, కొత్తగా షీట్ మొదలుపెట్టేవారు ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి వేరువేరుగా పెట్టుకోండి. ఫంక్షన్‌కు రెండు విలువలు ఇవ్వండి: =గుంటలు(ఎకరాలు, గుంటలభాగం). లోపలి ఫార్ములా కూడా ఎకరాలు*40 + గుంటలభాగం అని చిన్నదైపోతుంది. అర గుంటలు ఉన్నా 15.5 అని నేరుగా వేసుకోవచ్చు. పాత కాగితాల్లో చుక్క ఉన్నంత మాత్రాన మన షీట్‌లోనూ ఉండనవసరం లేదు.

మన బ్రాంచీలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి కాబట్టి ఇంకో మాట చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2.15 అంటే రెండు ఎకరాల పదిహేను సెంట్లు. అక్కడ ఎకరానికి వంద సెంట్లు కాబట్టి దశాంశ పద్ధతి సరిగ్గా సరిపోతుంది, మామూలు 'సమ్' చాలు. గజాల్లో 10,406. అదే 2.15 తెలంగాణ కాగితంలో ఉంటే 11,495 గజాలు. ఒకే అంకె, 1,089 గజాల తేడా. అటు గుంటూరు వైపు కొంత, ఇటు నల్లగొండ వైపు కొంత పొలం ఉన్న కుటుంబాలు మనలోనే ఉంటాయి. అలాంటివారు ఒకే షీట్‌లో రెండూ రాసుకుంటే గుంటల ఫంక్షన్‌కూ సెంట్ల ఫంక్షన్‌కూ వేరు పేర్లు పెట్టుకుని, రెండింటినీ గజాల్లోకే మార్చుకోవడం మేలు.

నూటికి రెండు రూపాయలు

భూమి లేనివారికి వడ్డీ లెక్క ఉంటుంది. 'నూటికి రెండు రూపాయల వడ్డీ' అంటే మనందరికీ అర్థమవుతుంది: నెలకు వందకు రెండు, ఏడాదికి 24 శాతం. ఎక్సెల్‌లో వడ్డీకి ఫంక్షన్లు చాలా ఉన్నాయి కానీ అవి బ్యాంకుల, బాండ్ల భాషలో మాట్లాడతాయి. కాబట్టి అసలు, రూపాయల వడ్డీ, తీసుకున్న తేదీ, తీర్చిన తేదీ అనే నాలుగు విలువలతో సొంత ఫంక్షన్ రాసుకోవచ్చు.

రాయబోతే ఒక ప్రశ్న ఎదురవుతుంది. యాభై వేలు నూటికి రెండు చొప్పున జనవరి 15న తీసుకుని జూన్ 10న తీర్చారు. ఎన్ని రోజులు? నెలకు ముప్ఫై రోజుల చొప్పున లెక్కిస్తే నాలుగు నెలల ఇరవై ఐదు రోజులు, అంటే 145 రోజులు. వడ్డీ సుమారు 4,833 రూపాయలు. క్యాలెండర్ చూసి, ఏడాదికి 365 రోజులుగా లెక్కిస్తే, లీపు సంవత్సరం కానప్పుడు 146 రోజులు, వడ్డీ సరిగ్గా 4,800. మొదటి పద్ధతికి 'డేస్360' అనే ఫంక్షన్ ఉంది. రెండోదానికి ఒక తేదీలోంచి ఇంకో తేదీ తీసేస్తే చాలు. ఏది సరైందో కంప్యూటర్ చెప్పదు, అది ఇచ్చిపుచ్చుకున్నవారి మాట. కానీ ఫంక్షన్ రాయాలంటే ఆ మాట ముందే తేల్చుకోవాలి. ముప్ఫై మూడు రూపాయలే కదా అనిపించవచ్చు. అసలు యాభై లక్షలైతే అదే తేడా మూడు వేల మూడు వందల పైమాట.

ఇక్కడే ఒక సాంకేతిక జాగ్రత్త. వీబీఏలో గానీ యాప్స్ స్క్రిప్ట్‌లో గానీ రాసేటప్పుడు, వడ్డీ రేటును బ్రాకెట్‌లో ఇవ్వకుండా, కోడ్ లోపలే ఫలానా సెల్ నుంచి చదువుకోమని రాస్తారు కొందరు. చూడటానికి సులువు. కానీ బ్రాకెట్‌లోని విలువలు మారినప్పుడే ఆ ఫంక్షన్ మళ్లీ లెక్కిస్తుంది. మీరు ఆ సెల్‌లో రెండును ఒకటిన్నర చేసినా పాత వడ్డీయే కనిపిస్తూ ఉండవచ్చు. లెక్కకు కావలసినవన్నీ బ్రాకెట్‌లోంచే ఇవ్వాలన్నది పిల్లలకు మేం మొదటి రోజే చెప్పే నియమం.

వేరేవాళ్ల ఫైల్, వేరేవాళ్ల కళ్లు

వీబీఏ ఫైళ్ల గురించి ఒక హెచ్చరిక. వాటిలో ఉండేది ప్రోగ్రామ్. లెక్క చేసే ప్రోగ్రామే కావచ్చు, మీ కంప్యూటర్‌కు హాని చేసేదీ కావచ్చు. అందుకే 2022 నుంచి మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను మొదటే ఆపేస్తోంది. వాట్సాప్ గ్రూపులో 'ఇన్‌కమ్ ట్యాక్స్ కాలిక్యులేటర్' అంటూ వచ్చిన షీట్ తెరవగానే మాక్రోలు ఎనేబుల్ చేయమని అడిగితే, ఎవరు తయారుచేశారో తెలియకుండా ఒప్పుకోకండి. ల్యాంబ్డా, నేమ్డ్ ఫంక్షన్లలో ఉండేది ఫార్ములానే కాబట్టి ఆ మాక్రోల భయం ఉండదు. ఇంటి లెక్కలకు మేం వాటినే సిఫారసు చేయడానికి ఇదొక కారణం.

పేరు పెట్టినంత మాత్రాన లెక్క సరైపోదు. 2010లో ఆర్థికవేత్తలు కార్మెన్ రీన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ దేశాల అప్పుకూ ఆర్థిక వృద్ధికీ ఉన్న సంబంధంపై రాసిన పత్రం ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి క్లాసు హోమ్‌వర్క్‌లో భాగంగా ఆ లెక్కను మళ్లీ చేయబోతే కుదరలేదు. రచయితల దగ్గర్నుంచి షీట్ తెప్పించుకుని చూస్తే, సగటు తీసిన ఫార్ములా 30 నుంచి 49వ వరస దాకా వెళ్లాల్సింది 44 దగ్గరే ఆగిపోయి ఉంది. ఐదు దేశాలు సగటులో లేవు. ఆ పత్రంలో అతను ఎత్తిచూపిన లోపాల్లో అది ఒకటి మాత్రమే. కస్టమ్ ఫంక్షన్ ఉన్నా ఆ తప్పు జరిగేదే, ఎందుకంటే ఏ వరస నుంచి ఏ వరస దాకా అన్నది ఎప్పుడూ మనమే చెప్పాలి. దాన్ని పట్టుకున్నది షీట్ తెరిచి చూసిన ఇంకో మనిషి. కాబట్టి పిల్లలు రాసిన ఫంక్షన్‌ను ఇంట్లో ఎవరో ఒకరు కాగితం మీద మూడు లెక్కలు చేసి సరిచూడండి. తాతయ్యలు ఈ పనికి చాలా బాగా సరిపోతారు, గుంటల లెక్క వారికి నోటికి వచ్చు.

సెలవులకు ఒక పని

చివరగా, కోడ్ రాయడం వచ్చిన పిల్లలకు కాస్త కష్టమైన అభ్యాసం: అంకె ఇస్తే తెలుగులో అక్షరాలు రాసే ఫంక్షన్. చదివింపుల పుస్తకానికో, రసీదుకో పనికొస్తుంది. ఇంగ్లిష్‌లో ఇది తేలిక. వందకు 'హండ్రెడ్' అని ఒక్క మాట ఉంటే చాలు. తెలుగులో అలా కాదు. 100 ఒంటరిగా ఉంటే 'వంద'. వెనక ఏదైనా ఉంటే 'నూట': నూట పదహారు. 200 అయితే 'రెండు వందలు', 216 అయితే 'రెండు వందల పదహారు'. వందకే నాలుగు రూపాలు. వెయ్యి దగ్గరా అంతే: వెయ్యి, వెయ్యిన్నూట పదహారు, రెండు వేలు, రెండు వేల నూట పదహారు. లక్ష దగ్గరికి వస్తే 'లక్షా నూట పదహారు' అని దీర్ఘం వచ్చి చేరుతుంది. 'తర్వాత ఇంకేమైనా ఉందా?' అన్న ప్రశ్నను ప్రతి మెట్టులోనూ ఫంక్షన్ వేసుకోవాలి. మనం పుట్టినప్పటి నుంచి తప్పు లేకుండా పలుకుతున్న ఈ నియమాన్ని ఎప్పుడూ విడమరిచి చెప్పుకోలేదు. పిల్లలు దాన్ని తెలుగు టీచర్‌ను అడిగి తెలుసుకోవాల్సి వస్తే మాకు సంతోషమే.

రాసినవారు ఈ అంకెలతో పరీక్షించుకోవచ్చు: 0, 100, 116, 500, 516, 1,000, 1,116, 2,000, 10,116, 1,00,000, 1,00,116, 2,25,000, 1,00,00,000. సున్నా ఇచ్చినప్పుడు సెల్ ఖాళీగా వస్తే 'ఇఫ్' ఒకటి తగ్గిందని అర్థం.